సూక్ష్మరంధ్రములలో జలవిద్యుత్తు

తిరుమల కొండమీది గోగర్భము, ఆకాశగంగ, పాపవినాశనము, కుమారధార, పసుపుధార జలాశయములు వానలచేత నిండిన యేడు యాత్రికుల నీటికి దిగులుండదు. వరుణుడు మొగము చాటువేసిన యేడు మాత్రము చంద్రగిరి ప్రాంతముననున్న కల్యాణి ఆనకట్ట నీటిని మోటారులతో కొండ కెక్కింపవలసివచ్చును. తిరుపతి పట్టణమునకును తిరుమలకును నడుమ నిట్టనిలువున ఇంచుమించు ఏడు వందల మీటర్ల యెత్తు కలదు. వెయ్యి లీటర్ల నీటిని అంతయెత్తు లేవనెత్తుటకు, మోటారులోను గొట్టములలోను కలుగు నష్టములను విడిచిపెట్టినను, ఇంచుమించు రెండు యూనిట్ల విద్యుత్తు వ్యయమగును. ఎక్కుటలో పుచ్చుకొన్న శక్తిని దిగుటలో తిరిగి యిచ్చుట నీటి స్వభావము. ఆ స్వభావమునే ఆధారముగా గొని శ్రీశైలమునందును నాగార్జునసాగరమునందును పడు నీటిచేత చక్రములను త్రిప్పించి, ఆ చక్రములచేత అయస్కాంతములను త్రిప్పించి, మనము దీపములు వెలిగించుకొనుచున్నాము. అయితే చక్రమనునది లేకయే, కదలు యంత్రభాగ మొక్కటియు లేకయే, నీరు ఒక పొరగుండ ఊరుచు పోవుటచేతనే విద్యుత్తు పుట్టు మార్గమొకటి కలదనియు, అది నిన్న మొన్నటి కల్పన కాక నూటయఱువది యేండ్లకు పైబడిన సత్యమనియు ఎఱిగినవారు మనలో కొద్దిమందియే. రాయలసీమ వంటి నీటికరవు సీమలో నీటినిగూర్చిన యే సత్యమైనను తెలిసికొనదగినదే గనుక, ఆ మార్గ మెట్టిదో, దానినుండి మనము ఎంత ఆశింపవచ్చునో, ఎంత ఆశింపరాదో ఇచ్చట వివరింపబూనుచున్నాను.

కథ మట్టితో ఆరంభమగును. 1809లో మాస్కోనగరమందలి రాయిస్ అను ఆచార్యుడు తడిమట్టిలో రెండు గాజుగొట్టములు నిలిపి, వానిలో నీరుపోసి, బ్యాటరీ తీగలు ముంచి చూడగా, మట్టిగుండ నీరు ఒక గొట్టమునుండి రెండవ గొట్టమువైపునకు నడచిపోయినట్లు కనుగొని ప్రకటించెను. విద్యుత్తు నీటిని నడపగలదని దీనివలన తేలినది. అట్లయినచో నీరు విద్యుత్తును నడపలేదా యను ప్రశ్నకు సమాధానము లభించుటకు మఱి యేబది యేండ్లు పట్టినది. 1859లో జర్మను శాస్త్రజ్ఞుడు గియోర్గ్ క్వింకె, సన్నని రంధ్రములుగల మట్టిబిళ్ల గుండ శుద్ధజలమును ఒత్తిడితో పంపి, బిళ్లకు ఇరువైపుల విద్యుత్పీడనములో భేద మేర్పడుచున్నదని కొలిచి చూపెను. మన పలమనేరు కుమ్మరులు కాల్చిన మెఱుగుపెట్టని కుండలో నీరు ఊరి పైతలమున చెమర్చుటను నిత్యము చూచుచున్నాము. క్వింకె చేతిలోని బిళ్లయు ఆ జాతిదే. నీరు దాని గోడగుండ నడచుచుండగా విద్యుత్తు పుట్టుననుట ఆనాటివారికి అబ్బురమైనది. అది ఎందువలన పుట్టునో 1879లో హెల్మ్‌హోల్ట్జ్, 1903లో స్మొలుకోవ్‌స్కీ గణితముచేత విశదపఱచిరి.

కారణమును మాటలలో చెప్పుదును. మట్టి, గాజు, ప్రత్తి నూలు, ఇసుక, రాయి మున్నగునవి నీటిలో తడిసినప్పుడు వాని తలముమీద ఋణావేశము నెలకొనును. నీటిలో కరగియున్న లవణములు ధనావేశముగల కణములుగను ఋణావేశముగల కణములుగను విడిపోయి సంచరించుచుండును, వానినే అయానులందురు. గోడయందలి ఋణావేశము ధనకణములను తనచెంతకు లాగుకొనును, ఋణకణములను దూరముగా నెట్టును. అందుచేత గోడనంటి యొక పలుచని నీటిపొరలో ధనకణములు అధికముగా గుమిగూడును. ఒత్తిడిచేత నీరు కదలినప్పుడు ఆ పొరలోని ధనకణములుకూడ దానితో కొట్టుకొనిపోవును. ధనావేశము ఒక దెసకు కదలుటయే విద్యుత్ప్రవాహము గదా! రంధ్రము చివర ధనావేశము పోగగును, మొదట ఋణావేశము మిగులును. ఆ రెండు కొనలను తీగతో కలిపినచో తీగలో విద్యుత్తు ప్రవహించును.

రంధ్రము అతిసూక్ష్మముగా నుండవలసిన హేతువు ఇచ్చటనే యున్నది. తిరుమల మాడవీథిలో నడచుచున్న జనసమూహములో గోడ నానుకొని నడచువారు బహుకొద్దిమంది. ఆ జనమే క్యూలైనులో ప్రవేశించినప్పుడు ప్రతివాని భుజమును కమ్మి నొరసికొనియే సాగవలెను. పెద్దగొట్టములో ప్రవహించు నీటిలో గోడ ప్రభావమునకు లోనగు భాగము లెక్కకు రానిది. రంధ్రము ఆ పొర మందమంత సన్ననిదైనప్పుడు మాత్రమే నీరంతయు ఆవేశమును మోయును. పొర మందము నీటిలోని ఉప్పును బట్టి మాఱును. పరిశుద్ధజలమున అది ఇంచుమించు వెయ్యి నానోమీటర్లు. సముద్రజలమున అర నానోమీటరుకు లోపే. నానోమీటరనగా మీటరులో నూఱుకోట్లవ వంతు. మన తలవెండ్రుక మందము ఎనుబదివేల నానోమీటర్ల ప్రాంతముననుండును. ఇట్టి రంధ్రములు కోట్లకొలదిగా గలిగి, గోడలయందు ఆవేశము నిలిచిన పలుచని పొరను ఆవేశిత నానోరంధ్రపు పొరయనవచ్చును. మనయూళ్ల వాటరు ప్లాంటులలో ఉప్పునీటిని మంచినీరుగా మార్చు ఆర్.ఓ. పొర దీనికి దగ్గఱిచుట్టమే. దాని తలమునకును ఋణావేశము కలదు.

ఈ సందర్భమున మనసీమ నీటి గుణమును మఱువరాదు. కుప్పము, మదనపల్లె వైపు పడమటి భాగములలో వెయ్యి అడుగులు త్రవ్వినను నీరు పడని బోరులు కలవు. పడినను ఆ నీరు గ్రానైటు రాళ్ల పగుళ్లలో చిరకాలము నిలిచి సున్నమును ఉప్పును నింపుకొని వచ్చినది. అట్టి బోరునీటిలో ఆవేశపుపొర మందము రెండు మూడు నానోమీటర్లకు మించదు. అంతేకాక ఉప్పునీరు విద్యుత్తును సుళువుగా ప్రవహింపనిచ్చును గనుక, రంధ్రముగుండ ముందుకు పోయిన ఆవేశము బయటి తీగ చుట్టి రాక ఆ రంధ్రములోని నీటిలోనే వెనుకకు జాఱిపోవును. స్మొలుకోవ్‌స్కీ సూత్రమునుబట్టి లెక్కించినచో, పది మీటర్ల యెత్తుననున్న తొట్టి ఒత్తిడికి వాననీరు ఒకటి రెండు వోల్టుల భేదము నీయగా, మన బోరునీరు ఇరువది, ముప్పది మిల్లీవోల్టులతో సరిపెట్టును. ఆ పైని సున్నపు పెచ్చు రంధ్రములను పూడ్చివేయును. మనవైపు వాటరు ప్లాంటు నడపువారు పొర మూసికొనిపోయి నీటిధార సన్నగిల్లిన కష్టమును బాగుగ నెఱుగుదురు.

శతాబ్దకాలము పాఠ్యపుస్తకములలో నిదురించిన యీ విషయము మేల్కొన్నది సూక్ష్మనాళములను కోరిన కొలతకు చెక్కు నేర్పు మానవునికి అలవడిన తరువాతనే. 2003లో కెనడా దేశమందలి ఆల్బెర్టా విశ్వవిద్యాలయమువారు లక్షలకొలది సూక్ష్మనాళములుగల గాజుబిళ్లగుండ ముప్పది సెంటీమీటర్ల యెత్తునుండి మామూలు నీటిని పంపి, ఒకటి రెండు మైక్రోఆంపియర్ల విద్యుత్తును రాబట్టిరి. పత్రికలు నీటిబ్యాటరీ యని ఘోషించినవి. హాలెండులోని డెల్ఫ్టు నగర శాస్త్రజ్ఞులు మఱింత జాగరూకతతో లెక్కలు కట్టి, ఇట్టి నాళములు నీటిశక్తిలో పండ్రెండు శాతము వఱకు విద్యుత్తుగా మార్చవచ్చునని 2006లో అంచనావేసి, మరుసటి యేడు చేసిన ప్రయోగములో మూడు శాతము సాధించిరి. జలవిద్యుత్కేంద్రములలోని మంచి టర్బైను నూటికి తొంబది పాళ్లను రాబట్టుచున్న కాలములో మూడు శాతమనగా ఎంత?

మన మిద్దెమీది తొట్టితో లెక్క చూతము. పది మీటర్ల యెత్తున వెయ్యి లీటర్ల నీరున్నదనుకొందము. ఆ నీటిలోని శక్తినంతయు చుక్క వృథాకాక విద్యుత్తుగా మార్చినను తొమ్మిది వాట్ల ఎల్.ఇ.డి. దీపము మూడు గంటలు వెలుగును. మూడు శాతము మాత్రమే లభించినచో అయిదు నిమిషములకు పైచిల్లర వెలుగును. ఆ నీటిని పైకి పంపిన మోటారు అంతకు అనేకరెట్లు విద్యుత్తును మునుపే భక్షించినది. ఇక నానోరంధ్రములగుండ వెయ్యి లీటర్లు జాఱుటకు పట్టు కాలమో, దానికి వలయు పొర వైశాల్యమో చెప్పనలవికానిది. కావున కుళాయికి బిళ్ల తగిలించినచో ఇంటికి కరెంటు వచ్చునని యెవరైన చెప్పినచో చదువరులు నమ్మవలదు. తొట్టినీటితో ఇల్లు వెలుగదు. ఈ మాట నిర్మొగమాటముగా చెప్పుట అవసరమని తలచుచున్నాను. ఏలనగా సైన్సుపేరిట అమ్మబడు మాయలకు మనవారు లోగడ చెల్లించిన మూల్యము స్వల్పము కాదు.

అయినను శాస్త్రము ఆ మూడు శాతము దగ్గఱ ఆగిపోక మఱి మూడు మార్గములు త్రొక్కినది. మొదటిది కొలతసాధనముల మార్గము. మనకు కూతవేటు దూరమున, చిత్తూరువారు ఉదయము బస్సెక్కి మధ్యాహ్నము లోపల చేరుకొను బెంగుళూరున, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో అజయ్ సూద్, శంకర్ ఘోష్, ఆ నగరమందలి రామన్ పరిశోధనాసంస్థకు చెందిన ఎన్. కుమార్ అనువారలు 2003లో కార్బన్ నానోనాళికల గుత్తిమీదుగా నీరు ప్రవహించునప్పుడు ప్రవాహపు దెసలో వోల్టేజి పుట్టుచున్నదని కనుగొని, సైన్స్ పత్రికలో ప్రకటించిరి. వారు దానిని విద్యుత్కేంద్రముగా గాక, ద్రవవేగమును పసిగట్టు కొలతసాధనముగా సూచించుటలోనే వారి వివేకము కనబడుచున్నది. వేగము బహుస్వల్పమైనప్పటికిని ఆ సాధనము పసిగట్టగలదు. పొలమున బిందుసేద్యపు గొట్టము పూడినదో లేదో తెలుపు యంత్రమునకు బ్యాటరీతో పనిలేకుండ నీటినడకయే కబురంపునట్లు చేయవచ్చునన్నచో, వేరుసెనగయు మామిడియు పండించు మన రైతునకు అది చిన్న లాభము కాదు.

రెండవ మార్గము ఉప్పును శత్రువుగా గాక మిత్రముగా జూచునది. నదిలోని మంచినీరు సముద్రములో కలియుటయందు ఘనమీటరునకు సుమారు ముప్పాతిక యూనిట్టు శక్తి వ్యర్థముగా పోవుచున్నది. ఆ నీరు 270 మీటర్ల యెత్తునుండి దుమికినచో ఎంత శక్తి యుండునో అంత! ధనకణములనే పోనిచ్చు పొరలను ఋణకణములనే పోనిచ్చు పొరలను ఒకటి విడిచి యొకటి పేర్చి, వాని నడుమ ఒక సందున ఉప్పునీటిని మఱుసందున మంచినీటిని పారించినచో విద్యుత్తు లభించునని ప్యాటిల్ అను నాతడు 1954లోనే చూపెను. ఆ యేడే తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసినది. హాలెండులో సముద్రమునకు అడ్డముగా కట్టిన అఫ్స్లయిట్‌డైకు కట్టమీద 2014లో ఇట్టి ప్రయోగకేంద్రమొకటి పనిచేయ నారంభించినది. 2016లో స్విట్జర్లాండులోని లోజాన్ నగరమున, ముప్పాతిక నానోమీటరునకు లోబడిన మందముగల మాలిబ్డినం డైసల్ఫైడు పొరలో ఒకేయొక రంధ్రము పొడిచి చేసిన ప్రయోగము నేచర్ పత్రికలో వెలువడినది. దాని గణితభాగమును అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున ఆనాడు ఆచార్యుడైన నారాయణ ఆలూరు బృందము సమకూర్చినది. ఒక రంధ్రపు ఫలితమును చదరపు మీటరునకు హెచ్చించి పది లక్షల వాట్లని చెప్పిన సంఖ్య లోకమును ఆకర్షించినది గాని, రంధ్రములు దగ్గఱదగ్గఱగా నున్నప్పుడు ఒకదాని ఉప్పును మఱియొకటి హరించును గనుక ఆ హెచ్చింపును యథాతథముగా స్వీకరింపరాదు. మన తిరుపతి జిల్లా యెల్లలలోనే సూళ్లూరుపేటచెంత పులికాటు సరస్సున్నది. కాళంగి, అరణి నదులు వానకాలమున మంచినీటిని తెచ్చి దానిలో కలుపుచున్నవి. అయితే ఏడాదిలో పెక్కునెలలు ఎండియుండు నదులను నమ్మి అచ్చట పొరలు పేర్చుట వివేకము కాదు. రాజహంసలు విడియు ఆ నీటిని కదిలింపకుండుటయు మేలే. ఈ విద్య గోదావరీ కృష్ణా సాగరసంగమములకు తగినది.

మన సీమకు నిజముగా తగినది మూడవ మార్గము. అందు నీటిని నెట్టుటకు తొట్టియు వలదు, మోటారును వలదు, ఎండ చాలును. ప్రత్తినూలులోని సెల్యులోజు పోగుల నడుమ అతిసన్నని నాళములు సహజముగానే యుండును, వాని గోడలు ఋణావేశముతోనే యుండును. గుడ్డపేలిక అడుగుకొనను ఉప్పునీటిలో ముంచి పైకొనను గాలికి విడిచినచో, పైనీరు ఆవిరియగుచుండగా అడుగునీరు ఎడతెగక ప్రాకును. దానితోపాటు ధనకణములును ప్రాకును. ఖరగ్‌పూరు ఐ.ఐ.టి.లో సుమన్ చక్రవర్తి బృందము ఈ సూత్రముచేతనే ఒక్కొక్క గుడ్డనుండి కొన్ని వందల మిల్లీవోల్టులు సంపాదించి, రజకులు ఆరవేసిన యేబది వస్త్రములను ఒకటిగా సంధించి, ఒక దినములో ఇంచుమించు పది వోల్టుల వఱకు విద్యుత్తును కూడబెట్టి, దానితో ఎల్.ఇ.డి. దీపమును గంటకు పైగా వెలిగించినది. 2019లో ఈ ఫలితము ప్రకటితమైనది. అంతకు రెండేండ్ల ముందు చైనాశాస్త్రజ్ఞులు మసిపొడి పూసిన చిన్న పలకనుండి నీరు ఆవిరియగుచుండగా వోల్టువఱకు రాబట్టి, ఈ దారిని తెఱచిరి. రోళ్లు పగులు రోహిణికార్తె యెండలో రాయలసీమ పెరళ్లలో దండెములమీది బట్టలు నిమిషములలో ఆఱిపోవును. ఖరగ్‌పూరు తేమగాలిలో దినమంతయు పట్టిన పని ఇచ్చట ఎంతవేగముగా సాగునో, వోల్టేజి ఎంత పెరుగునో కొలిచిచూడదగిన విషయము. అది దీపములు వెలిగించు శక్తి కాకపోవచ్చును. నేలతేమను కొలిచి నాలుగు గంటల కొకసారి సందేశమంపు చిన్నయంత్రమునకు మాత్రము చాలవచ్చును.

నీటినడకచేత పుట్టు విద్యుత్తును వాడుకొనుటకంటె, దానిని చదువుకొనుటలో మఱియెక్కువ లాభమున్నదని నా నమ్మకము. చేతితో చేయుపొర అక్కరలేకయే ఇసుకయు రాయియు స్వయముగ ఆవేశిత రంధ్రపుపొరలై యున్నవి గదా! స్వర్ణముఖి పైకి ఎండియున్నను ఇసుకక్రింద ఊట నడచుచునే యుండును. చెలమలు త్రవ్వి నీరు తోడుకొన్న మన పెద్దలు దాని నెఱుగుదురు. నేలలో నీరు నడచు చోటులలో పుట్టు మిల్లీవోల్టులను భూభౌతికశాస్త్రజ్ఞులు రెండు మట్టిపాత్రల సాయమున కొలుతురు. పాత్ర చేతిలో పట్టునంతది. లోపల నీలముగా మైలుతుత్తపు ద్రావకము, దానిలో నిలిచిన రాగికడ్డి, అడుగున మెఱుగులేని కాల్చినమట్టి. ఆ మట్టిరంధ్రములగుండ ద్రావకము చెమర్చి నేలతడిని తాకును. ఒక పాత్రను చోటు కదలింపక, రెండవదానిని పదేసి అడుగులు జరుపుచు వోల్టుమీటరు సంఖ్యలు పుస్తకమున వ్రాసికొనుచు పోయినచో, ఆనకట్ట కట్టక్రింద నీరు ఏ చోట రహస్యముగా జాఱుచున్నదో ఆ సంఖ్యలే చెప్పును. దీనికి సెల్ఫ్ పొటెన్షియల్ పద్ధతియని పేరు. చెఱువుకట్టలకు బుంగలు పడి తెగిపోయిన పిమ్మట ఇసుకబస్తాలతో పరుగెత్తుట మనకు అలవాటు. తెగకముందే ఊట జాడ తెలుపు విద్య చెఱువులు కట్టిన నాటినుండి మనకు కావలసియున్నది. ఈ పద్ధతి బోరుపాయింటును ఖాయముగా చెప్పునని మాత్రము అనరాదు. లోహఖనిజములును, పాతిపెట్టిన గొట్టములును, కరెంటు తీగలును దానిని తప్పుదారి పట్టింపగలవు. నీటిజాడకు అరచేత నిలిపిన కొబ్బరికాయను నమ్మి లక్షలు ధారపోయు రైతునకు, కొలతలతో కూడిన మఱియొక సాక్ష్యముగా దీనిని చూపవచ్చును.

తిరుపతిలో ఇప్పుడు విజ్ఞానసంస్థలకు కొదవలేదు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమునకు తోడు 2015నుండి ఐ.ఐ.టి.యు, ఐసరును వెలసినవి. ఆ సంస్థలే కాక స్కూలు విద్యార్థులుకూడ క్వింకె ప్రయోగమును చేయవచ్చును. మెఱుగుపెట్టని మట్టిబిళ్లను గొట్టము చివర నీరుకారకుండ బిగించి, రెండువైపుల ఒకే జాతి కార్బన్ కడ్డీలు నిలిపి, మీటరును కలుపవలెను. ఒకవైపు రాగిని ఒకవైపు జింకును ఉంచినచో అది వట్టి బ్యాటరీయై మోసగించును. నీరు నిలిపినప్పుడు సంఖ్య పడిపోయి, నడిపినప్పుడు మరల లేచినప్పుడే అది నీటినడకవలన పుట్టిన విద్యుత్తని నమ్మవలెను. వాననీటితో ఒకమాఱు, బోరునీటితో ఒకమాఱు, వాటరు ప్లాంటు క్యాను నీటితో ఒకమాఱు కొలిచి, తేదీతోను ఊరిపేరుతోను పట్టిక వ్రాసియుంచినచో, అది పరీక్షల మార్కులకంటె చిరకాలము నిలుచును. ఈ వానకాలమున చిత్తూరు, తిరుపతి జిల్లాల ఉపాధ్యాయులు తమ తరగతులచేత ఆ పని చేయింపవలసినదిగా ప్రార్థించుచున్నాను.